మధ్యలో చప్పట్లు కొట్టవద్దు

బావగారికి,

నమస్కారం. మీరు వెళ్ళిపోయి ఏడు నెలలు దాటింది. ఇన్నాళ్ళకు రాయగలుగుతున్నాను. ముందుగా, మీరు వెళ్ళాక జరిగినవాటిని జరిగిన వరుసలో చెబుతాను. ‘‘అన్నింటికీ నెంబర్లేనా? రేపు పైకి పోయినా క్యూలో నీ నెంబరెంతో అడుగుతావోయ్ పండితుడా’’ అని నవ్వేవారు. నవ్వండి... నాకు ఇంకో విధంగా చెప్పడం రాదు.

1. అది ఆషాఢం. పెళ్ళిళ్ళు లేవు కనుక, బందరు మేళంలోని మీ పాత స్నేహితులందరూ మీ ఆఖరి ప్రయాణానికి రాగలిగారు. వాయిద్యాలు కూడా తెచ్చుకున్నారు. అక్క వద్దంది. ఎవరూ వాయించలేదు. అందరూ ఊరికే నడిచారు.

2. మీ క్లారినెట్‌ను అక్క తుడిచి, పెట్టెలో పెట్టి, బీరువా ఎక్కించింది. ఊదేచోట బిగించే రీడ్లు మాత్రం హారికకు ఇచ్చింది. మీరు ‘‘చిన్న మేస్త్రీ’’ అని పిలిచిన హారికే. పదో తరగతికి వచ్చింది. బడి బ్యాండ్‌కు ఇప్పుడు ముందు నిలబడేది తనే.

3. మీ స్థానంలో బ్యాండ్ మాస్టారుగా బడివారు ఇంకా ఎవరినీ తీసుకోలేదు. డ్రిల్ మాస్టారే పిల్లల చేత సాధన చేయించారు. ఆయనకు ఈల ఊదడం వచ్చు.

4. మాఘమాసంలో వార్షికోత్సవం జరపాలనీ, అందులో బ్యాండ్ కచేరీ మీ జ్ఞాపకార్థం ఉండాలనీ కొత్త హెడ్‌మిస్ట్రెస్ గారు నిర్ణయించారు.

5. ఆ కచేరీకి కార్యక్రమ పత్రం రాసే పని నాకు అప్పగించారు.

ఈ ఐదోదాని గురించే ఈ ఉత్తరం.

ఇన్నేళ్ళూ మీ కచేరీలకు పత్రమనేది లేదు. మీరే మైకు దగ్గరకు వచ్చి, ‘‘ఇప్పుడు ఇంకోటండీ’’ అని చెప్పి వెనక్కి వెళ్ళేవారు. అన్ని పాటలకూ అదే వివరణ. హెడ్‌మిస్ట్రెస్ గారు అలా కుదరదన్నారు. ఏ పాట పేరేమిటి, ఎక్కడి బాణీ, అందులో వినవలసినదేమిటి, అన్నీ అచ్చులో ఉండాలన్నారు. గుడివాడలో బడి ఎదురుగానే డీటీపీ షాపు పెట్టుకున్నవాణ్ణి, పైగా మీ బావమరిదిని, నాకంటే తగినవారెవరని కూడా అన్నారు.

పదో తరగతితో చదువు ఆగిపోయి, ఊరివాళ్ళ శుభలేఖలు దిద్దుతూ దిద్దుతూ భాష నేర్చుకున్నవాణ్ణి. సంగీతం గురించి నేనేం రాయగలను? అయినా ఒప్పుకున్నాను. ఇంకెవరైనా రాస్తే మీ గురించి తప్పులు రాస్తారేమోనని నా భయం.

మొదటి ప్రతి నాలుగు పేజీలు వచ్చింది. ‘పడవ పాట’ ఒక్కదానికే, నాగాయలంక రేవులో ఆ బాణీ మీ చెవిన ఎలా పడిందో, గెడ వేసేవాడి ఊపిరికీ క్లారినెట్ ఊపిరికీ పోలికేమిటో, పేజీన్నర రాశాను. హెడ్‌మిస్ట్రెస్ గారు ఎర్ర పెన్ను తీసి, పాటకు రెండు వాక్యాలు చాలన్నారు. మీరు ఉంటే, ‘‘జనం చదివేలోపు పిల్లలు ఇళ్ళకెళ్ళిపోతారోయ్’’ అని ఆవిడ వైపే మాట్లాడేవారు. కాదంటారా?

నాలుగు పాటలకు ఎలాగో రెండేసి వాక్యాలు కుదిరాయి. ఐదోది మీరే కట్టిన ‘నడక’. కలం అక్కడ ఆగింది.

సగం దాకా హోరుగా సాగి, ఉన్నట్టుండి అంతా ఆగిపోతుంది. డ్రమ్ముల మీద అరచేతులు ఆనించి, క్లారినెట్లూ ట్రంపెట్లూ కిందికి దించి, పిల్లలు నిలబడ్డచోటే అడుగులు వేస్తారు. ఆ అడుగుల చప్పుడు తప్ప ఏమీ ఉండదు. మీరు గడ్డం పైకెత్తి క్లారినెట్ లేపగానే మళ్ళీ అందుకుంటారు.

ఏటా ఏం జరిగేదో మీకు నేను చెప్పాలా? ఆగీ ఆగగానే చప్పట్లు. పాట అయిపోయిందని కొందరు కుర్చీలు కూడా మడిచేవారు. మీరు నవ్వుతూ ఆ చప్పట్లు తగ్గేదాకా చూసి, అప్పుడు గడ్డం ఎత్తేవారు. ఇంటికి వచ్చి చెప్పులు విప్పుతూ, ‘‘జనానికి కాస్త ఖాళీ కనబడితే చాలు బావమరిదీ, చప్పట్లు పోసి పూడ్చేస్తారు’’ అనేవారు. నవ్వుతూనే అనేవారు. ఆ పూట మాత్రం అన్నం ముందు కూర్చుని కెలికి లేచేవారని, ఈమధ్యనే అక్క చెప్పింది. నాకు ఒక్కసారైనా చెప్పలేదేం?

అది విన్నప్పటినుంచి నాకు ఒక్కటే కోరిక. ఆ ఖాళీ ఒక్కసారైనా ఖాళీగా ఉండాలి. మీరు లేని మొదటి కచేరీలోనైనా ఉండాలి. అది ఎందుకుందో రాస్తే జనం ఆగుతారనుకున్నాను. ఎందుకుందో నాకు తెలుసు కదా...

అప్పటికి నాకు పద్నాలుగేళ్ళు. మోపిదేవి దాటాక కాలవ గట్టున మా ఇల్లు. నాన్న కాలవ లస్కరు. తూము తలుపులు ఎత్తడం, దించడం ఆయన పని. ఆయన పోయి మూడో రోజు. దీపాలు పెట్టే వేళ, వంతెన అవతలి నుంచి పెళ్ళి ఊరేగింపు బయలుదేరింది. పెద్ద ఇంటి పెళ్ళి. బందరు నుంచి మేళాన్ని పిలిపించారు. ఆ మోత దగ్గరయ్యేకొద్దీ అమ్మ చెవులు మూసుకుంది. నేను లేచి తలుపు వేయబోయాను. అప్పుడు ఆగిపోయింది.

బయటికి వచ్చి చూశాను. మేళం ఆగింది గాని మనుషులు ఆగలేదు. డ్రమ్ముల వాళ్ళు తోలు మీద చేతులు పెట్టి నడుస్తున్నారు. అందరికంటే ముందు సన్నటి కుర్రవాడొకడు క్లారినెట్‌ను గుండెకు ఆనించుకుని, తల వంచుకుని నడుస్తున్నాడు. అది మీరు. వెనక నుంచి పెళ్ళివారు కేకలేస్తున్నారు... వాయించండి, ఆపమన్నదెవరు, మిమ్మల్ని పిలిచింది మేమా వాళ్ళా అని. మీరు తిరిగి చూడలేదు.

చావు జరిగిన ఇంటి ముందు మేళం ఆపడం మీవాళ్ళ పద్ధతేనట. గడప దాటగానే అందుకుంటారట. మీరు మా గడప దాటాక కూడా అందుకోలేదు. కిటికీలో అక్క నిలబడి ఉంది. నేను లోపలికి, అమ్మ దగ్గరకు వెళ్ళిపోయాను. మళ్ళీ ఎక్కడ మొదలుపెట్టారో నేను వినలేదు.

మరుసటి ఏడాది సంబంధాలు చూస్తుంటే, ఆ మేళంలో ముందు నడిచినతను కావాలంది అక్క. ఊదుకుని బతికేవాడికి పిల్లనిస్తారా అని మేనమామ ఎగిరాడు. ఊదడం వచ్చినవాడని కాదు, ఆపడం వచ్చినవాడని అడుగుతున్నానంది.

ఎన్నో ఏళ్ళ తరువాత మిమ్మల్ని అడిగాను, అంత పెద్దింటి వాళ్ళ మాట కాదని ఎలా ఆపారని. ‘‘ఊదేది మనమే గానీ, వినాల్సింది ఎదుటివాళ్ళు కదటోయ్. ఆ రోజు మీ చెవులు ఖాళీగా లేవు’’ అన్నారు. అంతే. ఇంకేమీ లేనట్టు టీ తాగారు.

ఇదంతా రాయనా అని అక్కను అడిగాను. వద్దంది. మన నాన్న చావు, నా పెళ్ళి, పల్లీలు పొట్లం కట్టుకునే కాగితం మీదా అంది. నిజమే కదా.

అన్నీ కొట్టివేయగా మిగిలింది ఇది: ‘నడక. బాణీ మన బ్యాండ్ మాస్టారిది. ఈ పాట మధ్యలో కొంతసేపు ఆగుతుంది. దయచేసి అప్పుడు చప్పట్లు కొట్టవద్దు. మేళం ఇంకా నడుస్తూనే ఉంటుంది.’ రెండు వాక్యాల లెక్క దాటిందని హెడ్‌మిస్ట్రెస్ గారు గమనించారు. మళ్ళీ చదివి, ఎర్ర పెన్నుకు మూత పెట్టేశారు.

కచేరీ నిన్న సాయంత్రం జరిగింది. బడి ఆవరణలో షామియానా వేశారు. మాఘమాసం కనుక మీ మేళం వాళ్ళు ఒక్కరూ రాలేకపోయారు. ఉయ్యూరులో ఒక పెళ్ళి, మొవ్వలో ఒక పెళ్ళి అని కబురు చేశారు. అక్క వచ్చింది. ‘ఇంట్లో వింటూనే ఉన్నాగా’ అని మీ కచేరీ గడప ఏనాడూ తొక్కని అక్క, నా పక్కన రెండో వరసలో కూర్చుంది.

నా కార్యక్రమ పత్రం సంగతి చెప్పమంటారా? కొందరు దోమలు తోలుకున్నారు. కొందరు కింద పరుచుకుని కూర్చున్నారు. చదివినవాళ్ళు నాకు కనబడలేదు. అది గమనించే కాబోలు, ‘నడక’కు ముందు హెడ్‌మిస్ట్రెస్ గారు మైకు తీసుకుని నేను రాసిందంతా చదివారు. చప్పట్లు కొట్టవద్దన్న వాక్యాన్ని రెండుసార్లు చదివారు, ఆలస్యంగా వచ్చిన పిల్లల్ని మందలించే గొంతుతో.

నాకు అప్పటిదాకా తెలియనిది ఒకటుంది, బావగారూ. ఏటా ఆ చోట చప్పట్లు విని విని, అవి కూడా పాటలో భాగమే అనుకున్నారు డ్రిల్ మాస్టారు. సాధనలో ఆ చోటికి రాగానే ఆయనే చప్పట్లు కొట్టేవారట. అవి తగ్గగానే పిల్లలు అందుకునేవారట. మీ గడ్డం స్థానంలో ఆయన చప్పట్లు. కచేరీ రోజున ఎలాగూ జనం కొడతారు కదా అని ఆయన ధీమా.

‘నడక’ మొదలైంది. సగం దాకా సాగింది. ఆగింది.

చప్పట్లు రాలేదు. ఒక్కటి కూడా రాలేదు. నేను కోరుకున్నది జరిగింది... పిల్లలు అడుగులు వేస్తున్నారు. వేస్తూనే ఉన్నారు. ఎంతకీ అందుకోరు. రావలసిన చప్పట్ల కోసం ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. పక్కన నిలబడ్డ డ్రిల్ మాస్టారు రెండు చేతులూ ఎత్తారు. హెడ్‌మిస్ట్రెస్ గారు చూసిన చూపుకు అవి గాలిలోనే ఉండిపోయాయి.

అప్పుడు అర్థమైంది నాకు. ఒక్క వాక్యం రాసి, మీ పాటను మీ పిల్లల చేతుల్లోనే పాడుచేశాను. లేచి నేనే చప్పట్లు కొడదామా? అక్క వైపు చూశాను. అక్క కళ్ళు మూసుకుని ఉంది. నేను లేవలేదు.

దోమలు తోలుకోవడం కూడా మానేశారు జనం. అంతమంది ఉన్నచోట, పిల్లల బూట్ల చప్పుడు ఒక్కటే. హారిక ఎడమ పక్కకు తిరిగి చూసింది, మీరు నిలబడే చోటికి. ఏముంటుంది అక్కడ? కాసేపు చూసి ముందుకు తిరిగింది. గడ్డం పైకెత్తింది. అచ్చంగా మీరు ఎత్తినట్టే. క్లారినెట్ లేచింది. మేళమంతా అందుకుంది.

పాట పూర్తయింది. అప్పుడు కూడా ఎవరూ చప్పట్లు కొట్టలేదు! ఇంకా ఉందేమోనని, ఎక్కడ తిడతారోనని బిగుసుకుని కూర్చున్నారు. చివర కొట్టవచ్చని నేను రాయలేదు కదా. పిల్లల మొహాలు వాడిపోయాయి. మొట్టమొదట కొట్టింది అక్క. ఒక్కతే కొట్టింది కాసేపు. మీకోసం అక్క చప్పట్లు కొట్టడం నేను ఎన్నడూ చూడలేదు. మీరు చూశారా ఎప్పుడైనా?

ఆటోలో ఇంటికి వస్తూ, పిల్లలు తడబడినందుకు బాధపడవద్దని అక్కకు చెప్పబోయాను. తడబడలేదంది. ఆగినంతసేపూ కళ్ళు మూసుకుని ఆ గట్టు మీద మీ వెనక నడిచిందట. మా గడప, పశువుల పాక, నాన్న కాపలా కాసిన తూము, ఆ తరువాత కాలవ మలుపు. మలుపు దగ్గరకు చేరేసరికి హారిక అందుకుందట. ఆ రోజు మీరు అందుకున్నదీ అక్కడేనట. ఇంట్లో సాధన చేసేటప్పుడు మీరు ఏనాడూ అంతదూరం వెళ్ళలేదట, తూము దాకా కూడా రాకుండానే అందుకునేవారట.

ఎందుకు కుదించారు, బావగారూ? జనం ఉండనివ్వరనా? పిల్లలు నిలవలేరనా? లేక అక్క రాని కచేరీకి అంతదూరం దేనికనా... అక్కను అడిగితే, ఆయనే చెప్పాలి అంది.

ఇందాక, షాపు షట్టరు ఎత్తుతుండగానే డ్రిల్ మాస్టారు వచ్చారు. వచ్చే ఏడు ఇలా కాకుండా, ఎన్ని అడుగులు ఆగాలో, ఏ అడుగుకు అందుకోవాలో అంకెలు వేసి ఇవ్వమన్నారు. నాకు అంకెలంటే ఎంత ఇష్టమో ఊరికంతటికీ తెలుసు కదా. వేయనని చెప్పాను. ఆయన నమ్మలేనట్టు చూశారు.

హారిక బడి వదిలేలోపు, ఆమె తరువాత ముందు నిలబడబోయే పిల్లను కూడా వెంటబెట్టుకుని మోపిదేవి వెళ్తుందట అక్క. గుడిలో దర్శనం అయ్యాక ఇద్దరినీ ఆ గట్టు మీద, మా పాత గడప దగ్గర నుంచి మలుపు దాకా నడిపిస్తుందట. ఎందుకో మాత్రం చెప్పదట.

పత్రంలో ఒక్క వాక్యం కలుపుతాను: చివర చప్పట్లు కొట్టవచ్చు. మిగిలినదానికి మీకు మాట ఇస్తున్నాను. ఇకముందు దేనికి నెంబరు వేసినా, ఆ నిశ్శబ్దానికి వేయను. ఎవరినీ వేయనివ్వను.

ఉదయం ఎనిమిది గంటల ఇరవై నిమిషాలు.

మీ బావమరిది,
కంచర్ల నాగ సుబ్రహ్మణ్యం