మనకు ఖాతా లేని బ్యాంకు

మా ఇంటి ఆర్థికమంత్రి గారికి,

ఇక్కడ అందరం క్షేమం అని అలవాటు కొద్దీ మొదలుపెట్టి ఆగిపోయాను. అందరం అంటే ఎవరు చెప్పు, నేనొక్కణ్ణే కదా. నేను క్షేమం. నువ్వూ, నీ వార్డులోని పేషెంట్లూ కులాసాగా ఉన్నారనుకుంటాను.

నువ్వడిగినవాటికి జవాబులు. వంటింటి కుళాయి కారడం ఆగింది. గడియారాలు బాగుచేసేవాడికి కుళాయి ఓ లెక్కా అనుకున్నాను గానీ పూటంతా పట్టింది. వేళకి తింటున్నానా అంటే, పొద్దున వండిందే రాత్రికీ. ఒక్కడికి వండడం ఇప్పటికీ చేతకావడం లేదు, ఎంత తగ్గించి వేసినా ఇద్దరికి అవుతోంది.

రెండు బ్యాంకులు మునిగాయనగానే నువ్వు మూడు పనులు రాసి పంపావు కదా. మొదటిది చేశాను. డిపాజిట్ మొత్తం ఒక్కచోటే ఉంచకుండా సగం తీసి వేరే బ్యాంకులో వేశాను. ఎవరు చెప్పారండీ మీకు అని కౌంటర్లో అమ్మాయి అడిగితే మా ఆవిడ అన్నాను. అదృష్టవంతులు అంది. రెండోదీ అయింది, ఏడాది ఇంటిఖర్చు ఎప్పుడంటే అప్పుడు తీసుకునేలా విడిగా పెట్టాను. మూడోదాని సంగతి చెప్తాను, కాస్త ఓపిక పట్టు.

మన కొట్టు ఎదురుగా ఉన్న బ్యాంకు కూడా మూతపడుతుందని పుకారు పుట్టింది. పొద్దున నేను షట్టర్ ఎత్తేసరికి వీధి మలుపు దాకా జనం. అందులో మనకు చిల్లిగవ్వ లేదు. అయినా వెళ్ళి క్యూలో నిలబడ్డాను. ఎందుకంటే ఏం చెప్పను? ముందున్న పంతులమ్మ తన పెన్షన్ గోడు చెప్పుకుంది. వెనకున్న దర్జీ అల్లుణ్ణి తిట్టుకున్నాడు. మధ్యలో నన్నూ అడిగారు, మీరేమంటారండీ అని. నువ్వెళ్ళాక నన్ను అందరూ అడిగేది ఒక్కటే, వాచీ ఎప్పటికవుతుందని. నాకు ప్రాణం లేచొచ్చింది. కౌంటర్ దగ్గరపడగానే ఏదో మర్చిపోయినట్టు పక్కకు తప్పుకుని, మళ్ళీ చివరికి పోయి నిలబడేవాణ్ణి. అలా మూడు రోజులు. నవ్వుకో, పరవాలేదు.

కానీ భయం అంటుజబ్బు, నర్సువి, నీకు నేను చెప్పాలా. మూడో రోజు దర్జీ, ఇక షేర్లు చిత్తుకాగితాలే అన్నాడు. ఇంటికొచ్చి చూస్తే మనవి అప్పటికే అయిదో వంతు పడిపోయాయి. కొట్టు గది కొనేంత జమకాగానే ఉద్యోగం మానేసి వచ్చేస్తానన్నావు, వచ్చే వేసవికల్లా అన్నావు. ఆ అంకె కాస్త దిగితే నువ్వో నెల వెనక్కి జరుగుతున్నావు. చూస్తూ కూర్చోలేకపోయాను.

నీ మూడో పని ఏమిటి? షేర్లు ఎంత పడ్డా ముట్టుకోవద్దు, ఏడుపొస్తే ఏడువు గానీ అమ్మొద్దు అని, కింద గీత గీసి మరీ రాశావు.

అమ్మేశాను. పదకొండేళ్ళుగా కూడబెట్టినవన్నీ, ఒక్కటి మిగల్చకుండా.

వారం తిరక్కుండా ఆ ఎదుటి బ్యాంకును పెద్ద బ్యాంకొకటి తనలో కలిపేసుకుంది. క్యూ మాయమైంది, షేర్లు మళ్ళీ లేచాయి. మొన్న పంతులమ్మ ఎదురుపడితే నేను పలకరించబోయాను, ఎవరో అనుకుని పక్కకు జరిగింది. పోగొట్టిన డబ్బు నీ జీతంలోంచి మిగిల్చి పూడ్చాలంటే ఎన్నాళ్ళో లెక్కవేశాను. పధ్నాలుగు నెలలు. తప్పేమోనని మళ్ళీ వేశాను, అంతే వచ్చింది.

ఆదివారం ఫోన్లో, వేసవిలో కొట్టుకు రంగు వేయిద్దామా అని నువ్వడిగితే ఊఁ అన్నాను. అప్పటికే అమ్మి తొమ్మిది రోజులు. నీ గొంతులో ఆ సంతోషం పాడుచేయలేక దాచేశాను. సిగ్గుపడుతున్నాను.

తిట్టు, ఎంత తిట్టినా పడతాను. కానీ ఒక్క మాట విను. ఆ గది మనకొద్దు. ఇన్నేళ్ళూ అద్దె కట్టాం, ఇంకా కడదాం. చేసిందంతా చేసి అడగడానికి నాకు మొహం లేదు, అయినా అడుగుతున్నాను. నువ్వు వేసవికే వచ్చెయ్. పధ్నాలుగు నెలలు నేనుండలేను.

ఇట్లు,
నీ మాట వినని
మీ ఆయన