ఎం.ఏ. విద్యార్థిని వేలిముద్ర

సంగారెడ్డి,
5-8-1975

పూజ్యులైన నాన్నగారికి,

మీ నాగరత్నం నమస్కారాలు. అమ్మ చేత రాయించిన మీ ఉత్తరం అందింది. మీ చేతినొప్పి ఇంకా తగ్గలేదా? ఈసారి రెండు ముక్కలైనా మీరే రాయండి. మీ అక్షరం చూసి ఏడాదైంది.

నాన్నగారూ, నా వల్ల ఒక తప్పు జరిగింది. మా సంక్షేమ ఆఫీసులో నా బల్ల మీదికి వచ్చేవి వికలాంగ విద్యార్థుల ఉపకార వేతనాల కాగితాలని మీకు తెలుసు. జూన్‌లో కౌసల్య అనే అమ్మాయి దరఖాస్తు వచ్చింది. పటాన్‌చెరు పిల్ల, హైదరాబాదులో ఎం.ఏ. రెండో ఏడు. పుట్టుగుడ్డి. పాఠాలు చదివి వినిపించే మనిషికిచ్చుకోవడానికి నెలనెలా భత్యం మంజూరు చెయ్యాలి. దరఖాస్తు చివర సంతకానికి బదులు వేలిముద్ర ఉంది. చదువుకున్నవాడు వేలిముద్ర వేస్తే ఆ కాగితం అక్కడే పట్టుకోమని మీరు నా చిన్నప్పుడే చెప్పారు కదా! "ఎం.ఏ. విద్యార్థినికి సంతకం రాదా? ముప్పై రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి" అని రాసి తిప్పి పంపాను. మా సూపరింటెండెంటు త్రినాథరావుగారు మెచ్చుకున్నారు కూడా. నేనూ పొంగిపోయాను.

నిన్న ఆ అమ్మాయిని వెంటబెట్టుకుని వాళ్ళ నాన్న మొగులయ్య వచ్చాడు. ఫ్యాక్టరీలో వాచ్‌మన్.

"కండ్లు లేవని డాక్టరు రాసిచ్చిండు గదమ్మా. మీ కాయిదం మా బిడ్డకు సదివేదెవరు? పైసలు రాకపాయె, సదివి చెప్పే పిల్ల జూన్ల నుంచే వస్తలేదు. నాకా అచ్చరం ముక్క రాదు. మొన్న కంపెనీల సారుకు సూపిస్తే, గడువు అయిపోయిందన్నడు" అన్నాడు.

సంతకం నేర్చుకోవచ్చు కదా అన్నాను, సిగ్గులేకుండా.

"నేర్చుకున్న మేడం. కానీ ఒక్కోపారి ఒక్కో తీరుగ వస్తది. అప్పుడు సంతకం కలుస్తలేదని మీరే వాపస్ పంపిస్తరు. ఏలుముద్రైతే ఎప్పుడూ ఒక్కతీరే ఉంటది" అంది కౌసల్య, శాంతంగా.

నాన్నగారూ, తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. చూపులేదన్న డాక్టరు సర్టిఫికెట్టు నేను చదివినదే. దానికి టిక్కు పెట్టినదీ నేనే.

విద్యార్థిని ఆలస్యం చేసిందని రాసి, వచ్చే ఏడు చూద్దామంటున్నారు త్రినాథరావుగారు. వచ్చే ఏటికి ఆమెకి చదువే ఉండదు. అభ్యంతరమే తప్పని నేను రాస్తే, నాది ఇంకా పర్మనెంటు కాని ఉద్యోగం. ఏం చెయ్యమంటారు? మీరు నేర్పిన పాఠాన్నే తప్పనాల్సి వస్తోందని అంతకన్నా బాధగా ఉంది.

మీ అమ్మాయి,
నాగరత్నం

సంగారెడ్డి,
9-8-1975

నాన్నగారికి,

మీ జవాబు దాకా ఆగలేకపోయాను. తప్పు నాదని నోటు పెట్టేశాను. ఆఫీసరుగారు జూన్ నుంచీ భత్యం మంజూరు చేశారు. నాకు మెమో ఇచ్చారు. త్రినాథరావుగారు మాట్లాడటం లేదు. మీకు కోపం వచ్చిందేమోనని భయంగా ఉంది.

నాగరత్నం

పిఠాపురం,
13-8-1975

చిరంజీవి నాగరత్నానికి,

నాన్న ఆశీస్సులు. నీ రెండుత్తరాలూ అమ్మ చదివి వినిపించింది. కోపం లేదు. ఆ పిల్ల మాట దగ్గర ఆపించి, మళ్ళీ చదివించుకున్నాను.

నా చేతికి నొప్పేమీ లేదమ్మా. పోయింది చూపు. నీటికాసులని కాకినాడ డాక్టరు చెప్పి ఏడాదైంది. నువ్వు సెలవు పెట్టి పరుగెత్తుకొస్తావని చెప్పనివ్వలేదు. సంతకం మాత్రం అలవాటు కొద్దీ చేస్తూ వచ్చాను. మే నెలలో నా పింఛను కాగితం తిరిగొచ్చింది, సంతకం కలవలేదని. తిప్పి పంపిన గుమాస్తా నా దగ్గర పని నేర్చినవాడే. వేలిముద్ర వెయ్యండి మాస్టారూ అన్నాడు. ముప్పై నాలుగేళ్ళు అదే ట్రెజరీలో కలం పట్టినవాణ్ణి, నిశానీ వేస్తానా అని అరిచి వచ్చేశాను. ఈ మూడు నెలలూ మీ అమ్మ ఇల్లెలా నడుపుతోందో నేనడగలేదు, తను చెప్పలేదు.

నీకు ఆ పాఠం నేర్పింది నేనే. మెమోలో సగం నాది. రిటైరైనవాణ్ణి కనక నన్నేమీ చెయ్యలేరులే.

రేపు పొద్దున్నే ట్రెజరీకి వెళుతున్నాం. అలవాటవ్వాలని ముందు నీకు రాయిస్తున్న ఈ ఉత్తరం మీదే ముద్ర వేస్తున్నాను. కౌసల్యకి నా ఆశీస్సులు చెప్పు.

ఇట్లు,
సూర్యారావు వేలిముద్ర

పై ముద్ర మీ నాన్నగారు నా ఎదుట వేసినదే.
సాక్షి: మీ అమ్మ బుల్లెమ్మ