309లో దుమ్ము లేదు

జూన్ 1, సోమవారం

ఒక పేరు రాసిమ్మన్నారు. నా పేరే రాసిచ్చాను.

మేనేజర్ పిలిచాడు. మేమంతా ఆయన్ని టై సారు అంటాం. హోటల్ మూసి రెండు నెలలు దాటింది, రెస్టారెంట్లో కుర్చీలన్నీ బల్లలెక్కి కూర్చున్నాయి, ఆయన మెడలో టై మాత్రం దిగలేదు. హౌస్‌కీపింగ్‌లో ఇరవై ఇద్దరం. ఒక్కరినే ఉంచమని ఓనరు చెప్పాడట, అదీ సగం జీతానికి. ఎవరు బాగా పని చేస్తారో సూపర్‌వైజర్‌వి నీకు కాక ఎవరికి తెలుస్తుంది, నువ్వే ఆలోచించి ఒక్క పేరు రాసివ్వు అన్నాడు. గడుసువాడు. ఇరవై ఒక్కమంది ఉసురు నా చేతికంటించి తాను శానిటైజర్ రాసుకున్నాడు.

ఎవరు బాగా పని చేస్తారో నాకు తెలియకేం? పెద్దక్క. నాకంటే పదేళ్లు పెద్దది. పన్నెండేళ్ల కిందట నాకు పక్క వేయడం నేర్పింది ఆవిడే. నేను వేసిన దుప్పటిని మూడుసార్లు లాగి పారేసి, నాలుగోసారి ఏమీ అనకుండా వెళ్లిపోయింది. అదే మెచ్చుకోలు అని తర్వాత తెలిసింది. నాకు రెండు ముక్కల ఇంగ్లిష్ వచ్చు కాబట్టి సూపర్‌వైజర్ని అయ్యాను. ఆవిడకి రాదు కాబట్టి కాలేదు. అంతే తేడా.

మా ఆయన టూరిస్టు వ్యాను మార్చి నుంచి ఇంటి ముందే నిలబడి ఉంది. అమ్మాయి పదో తరగతికొచ్చింది. ఇంటికి నా జీతం ఒక్కటే. పెన్ను పట్టుకుని ఒక నిమిషం ఆగాను. ఒక్క నిమిషమే.

జూన్ 2, మంగళవారం

పెద్దక్క ఫోన్ చేసింది. పోనీలే, మనలో ఒకరైనా మిగిలారు, అది చాలు అంది. పేరు ఎవరు రాశారని అడగలేదు. నేనూ చెప్పలేదు.

జూన్ 8, సోమవారం

కొత్త డ్యూటీ. ఖాళీ గదుల్లో పైపుల్లో నీళ్లు నిలిచి పాడైపోతాయట. అందుకని తొంభై ఆరు గదుల్లోనూ ప్రతి కుళాయి, ప్రతి షవరు వారానికోసారి ఐదు నిమిషాలు తిప్పి వదలాలి. ఫ్లష్‌లు నొక్కాలి. రోజుకి పదహారు గదులు. సోమవారం 101తో మొదలు, శనివారం 332తో ఆఖరు. ఊడవడం, తుడవడం అక్కర్లేదు. ఫినాయిల్ ఖర్చు కూడా దండగేనట.

కుళాయి తిప్పగానే ముందు గాలి దగ్గుతుంది. తర్వాత పసుపు నీళ్లు, తుప్పు వాసన. నిమిషం దాటితే గానీ తేటపడవు. నేను టబ్బు అంచు మీద కూర్చుని గడియారం చూసుకుంటాను. నీళ్లు పారబోయడానికి జీతం తీసుకునేది లోకంలో నేనొక్కదాన్నేనేమో. ఎవరైనా వింటే నవ్విపోతారు.

నేను కాక బిల్డింగులో ఉండేది వాచ్‌మన్ తాత ఒక్కడే. బయటి మనిషి లోపల కాలు పెట్టాడంటే ఇద్దరి ఉద్యోగాలూ ఆ రోజే సరి అని టై సారు ఇద్దర్నీ నిలబెట్టి చెప్పి వెళ్లాడు.

జూన్ 12, శుక్రవారం

ఈ రోజు ఏ గదిలోనూ ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడలేదు. ఇంటికి వెళ్లేసరికి గొంతు బొంగురుపోయింది.

జూన్ 19, శుక్రవారం

301 పసుపు నీళ్లు. 302 పసుపు. అలా 308 దాకా. 309లో కుళాయి తిప్పితే మొదటి చుక్క నుంచే తేట నీళ్లు.

అంటే ఈ కుళాయి ఎవరో రోజూ తిప్పుతున్నారు.

బీరువా తెరిచి చూశాను. ఏమీ లేదు. టీవీ ఉంది, కెటిల్ ఉంది, బల్బులున్నాయి. బల్ల మీద వేలు పెట్టి గీశాను. వేలికి ఏమీ అంటలేదు. పక్కనున్న 308లో బల్ల మీద నా పేరు రాసుకోవచ్చు, అంత దుమ్ము. దొంగయితే ఏదో ఒకటి పట్టుకుపోవాలి. దుమ్ము పట్టుకుపోయే దొంగ గురించి నేనెక్కడా వినలేదు.

అప్పుడు ఎందుకో కుర్చీ లాక్కుని ఎక్కి, తలుపు చట్రం పైన, ఎవరి కంటికీ ఆనని చోట, వేలు పెట్టి చూశాను. అక్కడా తుడిచి ఉంది.

అక్కడ తుడిచే మనిషిని నా జన్మలో ఒక్కరినే చూశాను.

జూన్ 20, శనివారం

తాతని అడిగాను. ముందు ఆకాశం చూశాడు. తర్వాత ఎలుకలు అన్నాడు. ఎలుకలు తలుపు చట్రాలు తుడవవు తాతా అన్నాను. అప్పుడు చెప్పాడు.

మార్చిలో మా హోటల్లో కొన్నాళ్లు క్వారంటైన్ వాళ్లని ఉంచారు కదా. ఆ సంగతి వారం కిందట పెద్దక్క ఇంటి ఓనరుకి తెలిసింది. జబ్బు మోసుకొచ్చావేమో, నువ్వు మా వాటాలో ఉండొద్దని సామాను గుమ్మం బయట పెట్టించిందట. ఆవిడకి ఎవరున్నారమ్మా, మొగుడు పోయి ఏళ్లయింది, పిల్లల్లేరు, ఈ రోజుల్లో ఎవరు రానిస్తారు అన్నాడు తాత. లాండ్రీ వైపు తలుపు తానే తీస్తున్నాడు. తెల్లారి నేను వచ్చేలోపు వెళ్లిపోయి, పార్కు బెంచీ మీద పగలంతా గడుపుతోందట.

ఇక నీ ఇష్టం, నా ఉద్యోగం కూడా నీ నోట్లోనే ఉంది అన్నాడు.

జూన్ 23, మంగళవారం

ఆరింటికే వెళ్లాను. తలుపు కొట్టకుండా తీశాను.

పెద్దక్క మంచం మీద లేదు. మంచం పక్కన నేల మీద, చీర పరుచుకుని కూర్చుని జడ వేసుకుంటోంది. నన్ను చూసి గభాలున లేచి నిలబడింది. సూపర్‌వైజర్‌ని చూసి లేచినట్టు లేచింది. దాంతో నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. కోపమే ముందు బయటపడింది. నాకెందుకు చెప్పలేదు, మా ఇంటికి ఎందుకు రాలేదని అరిచాను. మీవి రెండే గదులు, అందులో చదువుకునే పిల్ల, నేనెక్కడ ఇముడుతానే అంది. మరి అంత పరుపు పెట్టుకుని నేల మీద ఎందుకు అంటే, అది గెస్టులది కదా అంది.

అయినా దాక్కునే మనిషి గది తుడుచుకుంటుందా, తుడవకపోతే నాకు దొరికేదానివా అని మందలించాను. నవ్వింది. ఊరికే పడుకుని పోతే దొంగతనం చేసినట్టుంటుంది, కాస్త పని చేసి పడుకుంటే నిద్ర పడుతుంది అంది.

పేరు సంగతి చెప్పాలనే వెళ్లాను. చెప్పలేకపోయాను. ఎవరికీ చెప్పనని మాత్రం చెప్పి వచ్చాను.

జూలై 3, శుక్రవారం

వరసగా రాస్తాను.

పదకొండింటికి ముందు చెప్పకుండా రెండు కార్లు వచ్చాయి. హోటల్ అమ్మేస్తున్నారట. కొనే మనిషి కళ్లజోడాయన, అరవై ఉంటాయి. గదులు చూపించమన్నాడు. టై సారు 118 తెరిచాడు. కళ్లజోడాయన ముక్కు మాస్కులోనే ముడుచుకుంది. 204 తెరిచాడు. అదే వరస. మూడో అంతస్తుకి వెళ్లాక ఆయనే నడుచుకుంటూ వెళ్లి 309 ముందు ఆగాడు. నా పైప్రాణాలు పైనే పోయాయి.

లోపలికి వెళ్లాడు. బల్ల చూశాడు. అద్దం చూశాడు. పొడుగు మనిషి, చెయ్యెత్తి తలుపు చట్రం పైన వేలు పెట్టి గీశాడు. వేలు చూసుకున్నాడు. నలభై ఏళ్ల కిందట నేనూ హోటల్లో గదులు తుడిచినవాణ్నే, ఇక్కడ తుడిచే మనిషి ఎవరు అని అడిగాడు.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ నన్ను చూడకముందే నేనే అనేశాను. శాంపిల్‌కి ఒక గది ఇలా పెట్టుకున్నానండీ అని కూడా అన్నాను. అబద్ధం అంత తయారుగా నాలో ఎప్పటి నుంచి ఉందో!

బేరం కుదిరినట్టే అన్నాడు. ఈవిడ ఉంటుంది, పూర్తి జీతం ఇవ్వండి, నెలాఖరుకి తొంభై ఆరు గదులూ ఇలాగే కావాలి అన్నాడు. టై సారు నన్ను చూసి గర్వంగా తలూపాడు.

నిజం చెప్పి ఉంటే పెద్దక్క దొరికిపోయేది. తాత ఉద్యోగం పోయేది. కాబట్టి నేను చెప్పింది మంచి అబద్ధమే. బస్సు దిగే దాకా ఇలాగే అనుకున్నాను. ఇంట్లోకి వచ్చాక అనుకోలేకపోయాను. నేనే అన్నప్పుడు నాకు పెద్దక్క గుర్తు రాలేదు.

జూలై 4, శనివారం

సోమవారం నుంచి తాళాలు మారుస్తారు. పెద్దక్కని మా ఇంటికి తీసుకొచ్చేశాను. తాను దూర సందు లేదు, మెడకో డోలు అని మా ఆయన వంటింట్లోకి వచ్చి మరీ గొణిగాడు. గొణుగుతూనే దిండు తీసుకుని వ్యానులోకి వెళ్లిపోయాడు. వెనక సీటు వాలుతుంది, హాయిగా ఉంటుంది, మీరే ఇరుక్కుని చావండి అన్నాడు.

జూలై 9, గురువారం

పదిహేను గదులు చేశాను. కళ్లజోడాయన సాయంత్రం వచ్చి వేలు పెట్టాడు. బాగుంది కానీ 309లా లేదు అన్నాడు.

జూలై 13, సోమవారం

309లా లేదట. ఆ అంకె వింటే ఒళ్లు మండుతోంది.

జూలై 14, మంగళవారం

ఇంటికి వచ్చేసరికి పెద్దక్క మా గ్యాస్ స్టవ్ విప్పి తోముతోంది. అమ్మాయి పక్కన కూర్చుని ఒక్కో ముక్క అందిస్తోంది. మొహం అలా ఉందేమే అని అడిగింది. అమ్మాయిని బయటికి పంపి మొత్తం చెప్పేశాను. జూన్‌లో పేరు రాసింది నేనే. 309 చేసింది నేనే అని చెప్పిందీ నేనే.

తోమడం ఆపలేదు. పేరు సంగతి ఆ రోజే తెలుసు అంది. నేనేం చెయ్యను, మీ సూపర్‌వైజరే రాసింది అని టై సారు ఫోన్లో చెప్పేశాడట. అంటే తెలిసే నాకు ఫోన్ చేసింది! నీ చోట నేనున్నా పిల్ల మొహం చూసి నా పేరే రాసుకునేదాన్ని, అందులో తప్పు పట్టను అంది.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఆగలేదు. కానీ గది చేసిన చెయ్యి నాది, అది కూడా నీదని ఎందుకన్నావే అని అడిగింది. అరవలేదు. సబ్బు చేతులు కడుక్కుని వెళ్లి పడుకుంది.

విప్పిన స్టవ్ ముక్కలు నేనే బిగించాను.

జూలై 15, బుధవారం

చెప్పేశాను. కళ్లజోడాయన ఎదురుగా, టై సారు పక్కనుండగా. 309 చేసింది నేను కాదు, నాకు పని నేర్పిన మనిషి, నిలువ నీడ లేక ఆ గదిలో పడుకుంది అన్నాను. తాత పేరు ఎత్తలేదు, లాండ్రీ తలుపు నేనే తీశాను అన్నాను. నా అబద్ధాల్లో దీనికొక్కదానికే నాకు సిగ్గనిపించలేదు.

టై సారు మొహం పాలిపోయింది. కళ్లజోడాయన జోడు తీసి తుడుచుకుని, ఉన్నది ఒక ఉద్యోగం, దొంగచాటుగా పడుకున్నావిడకి ఇవ్వనా, అబద్ధమాడిన నీకివ్వనా అని అడిగాడు. ఎగతాళో కోపమో తెలియలేదు.

ఇద్దరికీ ఇవ్వండి అన్నాను. ఒక జీతమే. ఒక వారం ఆవిడ, ఒక వారం నేను. ఈ మాట నేను ఇంట్లో అనుకుని వెళ్లింది కాదు. నోటికి వచ్చాక గానీ నాకే తెలియలేదు. సూపర్‌వైజర్ హోదా ఉండదు, పక్కలు వేయాలి అన్నాడు. వేస్తానన్నాను. తలుపు పైన దుమ్ము ఉండకూడదు, ఎవరి చేతులైతే నాకేం అని లేచి వెళ్లిపోయాడు.

రాత్రి మా ఆయనకి చెప్పాను. వచ్చిన పూర్తి జీతాన్ని చేతులారా సగం చేసుకున్న మనిషిని నిన్నే చూశాను అన్నాడు. దిండు తీసుకుని వ్యానులోకి వెళ్లిపోయాడు.

పెద్దక్కకి చెబితే, నన్నడిగావా అంది. అడగలేదు. నిజమే, ఈసారి కూడా అడగలేదు.

జూలై 18, శనివారం

మా ఆయన పొద్దున్నే స్పానర్లు పట్టుకుని వ్యాను సీట్లన్నీ విప్పేశాడు. కూరగాయలు వేస్తాడట. పన్నెండు సీట్లు గోడకి ఆనించి, ఒక్కోదాని మీద దుమ్ము దులిపి, ప్లాస్టిక్ కవరు కప్పాడు. మళ్లీ వేసుకోవాలిగా అన్నాడు. మూడు రోజుల తర్వాత నాతో అన్న మొదటి మాట. కళ్లు తుడుచుకుంటూ చెమట అన్నాడు. అవును చెమటే అన్నాను.

జూలై 20, సోమవారం

ఈ వారం నాది. పెద్దక్క రాత్రి నా చేత మా మంచం మీద దుప్పటి వేయించింది. రెండుసార్లు లాగి పారేసింది. నలభై ఆరేళ్ల ఆడదాన్ని, అమ్మాయి చూస్తుండగా! మూడోసారి ఏమీ అనకుండా పక్కకి తిరిగి పడుకుంది.

జూలై 27, సోమవారం

ఈ వారం పెద్దక్కది. ఐదున్నరకి లేచి, మాకు మెలకువ వస్తుందని చెప్పులు చేతిలో పట్టుకుని బయటికి వెళ్లింది. నాకు అప్పటికే మెలకువ వచ్చేసింది. కళ్లు మూసుకునే ఉన్నాను. నేను వెళ్తాను అనే మాట గొంతు దాకా వచ్చింది. గేటు పడిన చప్పుడు వినిపించే దాకా దాన్ని అక్కడే ఆపాను.