అత్తమ్మ కాలు పెట్టే చోటు

కొత్తవాడ, వరంగల్
6-1-1984

పూజ్యుడైన అన్నకు,

నీ చెల్లె సరోజన నమస్కారం చేసి రాసేది. ఇక్కడ నేను, పిల్లలు, మీ బావ క్షేమం. నువ్విచ్చిన ఫియట్ కారు ఒక్కటే క్షేమంగా లేదు. ఈ ఉత్తరం దాని గురించే.

మొన్న కార్తీకంలో మీ బావ కారు నడుపుతుంటే ఆత్మకూరు దగ్గర అమ్మ కాళ్ల కింద రేకు ఊడిపోయింది గుర్తుందా? కాలికి దెబ్బ తగల్లేదు గాని, ఎడమ చెప్పు ఆత్మకూరు వాళ్లకు దక్కింది. కారు నీదే అయినా నడిపింది మీ బావ కాబట్టి తప్పంతా ఆయనదేనని అమ్మ తేల్చేసింది. చచ్చినా ఆ కారెక్కనని ఒట్టు పెట్టుకుంది. మరునాడే నువ్వు దాన్ని మాకు ఊరికే ఇచ్చేశావు. మా అన్న మనసు ఎంత పెద్దదో అనుకున్నాను. తర్వాత కారు కిందికి వంగి చూశాను.

వచ్చే నెల మేడారం జాతర. మోకాళ్లు నయమైతే తన ఎత్తు బెల్లం తూచి ఇస్తానని సమ్మక్క తల్లికి అమ్మ మొక్కుకుంది కదా. మోకాళ్లు సగమే నయమయ్యాయి, మొక్కు మాత్రం పూర్తిగా తీర్చాలంటుంది. ఆ జనంలో ఆమె బస్సెక్కలేదు. అందుకని ఈ కారులోనే అత్తమ్మను తీసుకుపోతానని మీ బావ పట్టు పట్టాడు. నీకు తెలియంది ఏముంది? పెండ్లయి పద్దెనిమిదేళ్లయినా అమ్మ ఆయనతో సూటిగా మాట్లాడదు. ఏం చెప్పినా గోడకు చెబుతుంది. ఆ గోడ ఆయనకు చెప్పాలి. అమ్మ ఒక్కసారి ఆ కారులో కూర్చుని, ఆయన్ని ఒక్క మంచి మాట అంటే నాకింకేం వద్దన్నా.

గ్యారేజీ వాళ్లు కారు కిందికి తొంగి చూసి, "ఇంటికి తీస్కపోండి, దారిల గతుకులు చూస్కొని పోండి" అన్నారు. ఇంట్లోనే బాగుచేయాలంటే కారు కిందికి దూరడానికి గుంత కావాలి. నేసేవాళ్లింట్లో కాళ్లు దించుకుని కూర్చునే మగ్గం గుంతకేం కరువు? మీ బావ గుంత మగ్గం విప్పి గోడకు వేలాడదీశాడు, మగ్గముండే సాల ముందున్న తడక తీశాడు, కారును తోసుకొచ్చి గుంత మీద నిలబెట్టాడు. మగ్గం చోటికి కారు వచ్చింది గాని మీ బావ మాత్రం ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చున్నాడు.

వదినకు, అమ్మకు నా నమస్కారాలు చెప్పు.

నీ చెల్లె,
సరోజన

తా.క.: అలవాటు కొద్దీ ఇంటికొచ్చిన చుట్టాలంతా కారును చూసి కూడా "ఎంత దాన్క నేసిండు?" అని అడుగుతున్నారు.


ములుగు
11-1-1984

చిరంజీవి చెల్లె సరోజనకు,

అన్న సారంగపాణి దీవించి రాసేది. ఇక్కడ అందరం ఆరోగ్యంగా ఉన్నాం. అమ్మ గొంతు మరీ ఆరోగ్యంగా ఉంది.

నీ ఉత్తరం పైకి చదివి వినిపించడం నా బుద్ధితక్కువ. "మగ్గం విప్పి" అన్న దగ్గరే అమ్మ నన్ను ఆపేసింది. "మగ్గం పీకిండా? నేను పెండ్లిల పెట్టిన సామానే నిలుపుకోనోడు, ఇగ తాతల మగ్గం నిలుపుకుంటడా?" అని వాకిట్లోకి వెళ్లి మరీ చెప్పింది. సాయంత్రానికల్లా వెంకటరాజం నేత మానేసి టాక్సీ నడుపుకుంటున్నాడని ములుగంతా తెలిసిపోయింది. మా పక్కింటి చిలుకమ్మ వచ్చే మంగళవారం దవాఖానకు పోవడానికి ఆ టాక్సీ కావాలంటోంది. ఏం చెప్పమంటావు?

అది సరే. మన బస్సు కండక్టర్ కొమురెల్లి నిన్న నన్ను పక్కకు పిలిచి, "అన్నా, మీ బావ ఇంట్లకెల్లి గంపలకు గంపలు మట్టి బయటికొస్తాంది, ఏం కథ?" అని అడిగాడు. కారు గీకితే తుప్పు రాలాలి. మట్టి ఎక్కడిది? మీరుండేది ఓరుగల్లు కోట పక్కన. కాకతీయులు పోయేటప్పుడు అన్నీ మూట కట్టుకుని పోయారా? నీ అన్నను, నాకైనా నిజం చెప్పు.

ఇట్లు,
సారంగపాణి

తా.క.: ఇంట్లో తవ్వితే దొరికిన దాంట్లో ఆ ఇంటి ఇల్లాలి అన్నకు ఏమైనా వాటా వస్తుందా అని ఊరికే ఒక వకీలును అడిగాను. చాలాసేపు నవ్వాడు. దాన్ని బట్టి వస్తుందో రాదో నాకు అర్థం కాలేదు.


కొత్తవాడ, వరంగల్
17-1-1984

పూజ్యుడైన అన్నకు నమస్కారాలు.

నీ ఉత్తరం చదివి మీ బావ ఏమీ అనలేదు. ఆయన ఎప్పుడు ఏమన్నాడు గనక! చిలుకమ్మత్తకు మాత్రం బస్సులోనే పొమ్మని చెప్పు.

మట్టి సంగతి ఇది. మగ్గం గుంతలో కూర్చుంటే నేయడానికి సరిపోతుంది గాని, తల మీద కారు ఉన్నప్పుడు సుత్తె ఎత్తడానికి చోటు చాలదు. అందుకని గుంతను మూరెడు లోతు చేశాడు. ఆ మట్టే కొమురెల్లి చూశాడు. కాకతీయులకు, మాకు ఏ సంబంధమూ లేదు.

అన్నా, ఆ పని నువ్వొచ్చి చూడాలి. నా మొగుడని చెప్పడం కాదు. ముందు తీగల బ్రష్షుతో తుప్పంతా గీకి, కిరసనాయిలుతో తుడిచాడు. తర్వాత చిన్న సుత్తెతో అంగుళం అంగుళం కొట్టి విన్నాడు. అంగట్లో కుండను వేలితో కొట్టి చూస్తామే, అట్లా. గట్టి రేకు మోగుతుంది, పుచ్చిన రేకు మోగదు. మోగని చోటల్లా కోసి పారేశాడు. ఒక రోజు కారుకు మిగిలిన రేకు కంటే కోసి నేల మీద పడేసిన రేకే ఎక్కువ కనబడింది, నాకు ఏడుపొచ్చింది. ఆయన మాత్రం జంపఖానా డిజైన్ గీసుకున్నట్టు గళ్ల కాగితం మీద ముక్కల కొలతలు గీసుకుని, డ్రమ్ము రేకు కోసి, ఒక్కొక్కటి అతికి రివెట్లు కొడుతున్నాడు. ఆ రివెట్లు చూస్తే పడుగు పోగులు పరిచినట్టున్నాయి. ఒక్కటి ఇంత పక్కకు పోయిందని పీకి మళ్లీ కొట్టాడు. "కింద ఎవరు చూస్తరయ్యా?" అన్నాను. "రోడ్డు చూస్తది" అన్నాడు. కాజీపేట రైల్వేలో పనిచేసే నర్సింగం అన్న వచ్చి చూసి, కారు కింద నుంచి చాలాసేపు బయటికి రాలేదు. వచ్చాక టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

ఇదంతా అమ్మకు పైకే చదివి వినిపించు. ఒక్క ముక్క కూడా వదలకు.

నీ చెల్లె,
సరోజన

తా.క.: నిన్న గుంత మూలలో గడ్డపార ఖంగుమంది. మట్టి తీస్తే బోర్లించిన రాగి బిందె కనబడింది. దాన్ని తిప్పి చూస్తే లోపల... అన్నా, పోస్టాయన గుమ్మంలో నిలబడి తొందర పెడుతున్నాడు. మిగతాది వచ్చే ఉత్తరంలో రాస్తాను.


ములుగు
20-1-1984

సరోజనా,

తలుపు వేసుకుని చదువు.

పోస్టాయన్ని కాసేపు నిలబెట్టలేకపోయావా? నీ ఉత్తరం అందినప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు. ఒక్క మాట విను. అవి లంకె బిందెలు. ఒకటి దొరికితే పక్కనే రెండోది ఉంటుంది, తవ్వడం ఆపకండి. కారును మాత్రం అక్కడి నుంచి కదపొద్దు. పైన కారు ఉంటే కింద ఏముందో ఎవరికీ అనుమానం రాదు. బావ ఇంత తెలివిగా ఆలోచించాడని నాకు ఇప్పుడు తెలిసింది. పద్దెనిమిదేళ్లు ఆయన్ని అమాయకుడు అనుకున్నాను. దొరికినదాన్ని సర్కారుకు చెప్పాలంటారు. చెబుదాం, కానీ సర్కారు కంటే ముందు అన్న ఉన్నాడు.

ములుగు కూడా కాకతీయుల రాజ్యమే కదా అని నేను మా వంటింట్లో కొద్దిగా తవ్వి చూశాను. మీ వదిన శ్యామల నాతో మాట్లాడడం లేదు. ప్రస్తుతం వంట వాకిట్లో నడుస్తోంది.

ఇంకో వింత జరిగింది. నువ్వు చెప్పినట్టే అన్నీ పైకి చదివాను. "రాగి బిందె" అనగానే అమ్మ కంచం ముందు నుంచి లేచి పెరట్లోకి వెళ్లిపోయింది. చాలాసేపటికి కళ్లు తుడుచుకుంటూ వచ్చి, "వాళ్లకు రాయి. నేను ఆ కారెక్కుత" అంది. ఆనందం పట్టలేకపోయింది పాపం. బంగారం మాట చెవిన పడితే ఒట్టేమిటి, మోకాళ్లు కూడా నయమవుతాయి.

అన్న,
సారంగపాణి

తా.క.: ఈ ఉత్తరం చదివి చింపెయ్యి. చింపి పొయ్యిలో వెయ్యి. వేశాక, ఏ ఉత్తరం ఎందుకు వేశావో వివరంగా రాసి కార్డు ముక్క పంపు.


కొత్తవాడ, వరంగల్
30-1-1984

పూజ్యుడైన అన్నకు,

నువ్వు చెప్పినట్టే నీ ఉత్తరం పొయ్యిలో వేశాను. వేసేముందు మీ బావకు చదివి వినిపించాను. ఆయన గుంతలో కూర్చుని నవ్వుతుంటే కారు ఊగింది.

అన్నా, బిందెలో మట్టి తప్ప ఏం లేదు. రెండో బిందె లేదు, బంగారం లేదు. నువ్వు వంటిల్లు పూడ్చుకో. బిందె అడుగు చిల్లి పడిపోయింది, నీళ్లకు పనికిరాదు. అందుకని మీ బావ దాన్ని కోసి, సాపుగా కొట్టి, ముందు సీటు దగ్గర అమ్మ కాలు పెట్టే చోట వేశాడు. డ్రమ్ము రేకు ఇంకా ఉంది గాని, ఆ ఒక్క చోటికి వద్దన్నాడు. రాగికి ఇనుములా తుప్పు పట్టదు కదా. కానీ రాగికీ ఇనుముకూ పొసగదట, రెండూ తగిలితే ఇనుమును తినేస్తుందట. అందుకని మధ్యలో డాంబరులో ముంచిన జంపఖానా ముక్క పరిచాడు. "అత్తకు అల్లునికి నడుమ నువ్వున్నట్టు" అన్నాడు నాతో. పెండ్లయినప్పటి నుంచి ఆయన నాతో ఇంత సరసంగా మాట్లాడింది ఇదే మొదటిసారి. అది కూడా కారు కింద నుంచి.

కింద అంతా ఎర్ర రంగు వేసి, పైన డాంబరు పూశాడు. ఇక తిరుగు లేదు. జాతరకు రెండు రోజుల ముందు మీ ఇంటికి వస్తాడు, తయారుగా ఉండండి.

నీ చెల్లె,
సరోజన

తా.క.: నేను రావడం లేదు. కారులో మీ ముగ్గురు, మీ బావ పోగా మిగిలిన నా చోట్లో అమ్మ ఎత్తు బెల్లం కూర్చుంటుంది. నాకంటే అదే బరువు, నాకంటే అదే మెదలకుండా కూర్చుంటుంది.


ములుగు
22-2-1984

చిరంజీవి చెల్లె సరోజనకు,

అన్న, వదిన దీవించి రాసేది. బావ ఇంటికి వచ్చి నీకు ఏం చెప్పి ఉంటాడో నాకు తెలుసు. "మంచిగైంది" అని ఉంటాడు. జరిగింది నేను రాస్తాను, కూర్చుని చదువు.

నీ ముప్పయ్యో తారీఖు ఉత్తరం నేను నమ్మలేదు. బంగారం ఉందని సూటిగా రాయలేక, "కాలు పెట్టే చోట వేశాడు" అని గుట్టుగా తెలియజేశావనుకున్నాను. పస్రా దగ్గర టీకి ఆగాం. బావ ఇంజన్లో నీళ్లు పోస్తున్నాడు. అమ్మ బల్ల మీద కూర్చుంది. ఇదే సమయమని నేను ముందు తలుపు తీసి, తల లోపల, కాళ్లు బయట పెట్టి, కాళ్ల దగ్గర పైన పరిచిన ఇంకో జంపఖానా ఎత్తాను. బంగారం లేదు. అద్దంలా తోమిన రాగి రేకు, దాని మీద చుక్కలు చుక్కలుగా కొట్టిన అక్షరాలు ఉన్నాయి. కూడబలుక్కుని చదివి, గట్టిగా అడిగాను:

"అమ్మా, కాకతీయుల బిందె మీద నీ పేరెందుకున్నదే?"

జాతరకు పోయేవాళ్లంతా తిరిగి చూశారు. అమ్మ టీ గ్లాసు పక్కన పెట్టింది.

"నేనే బొంద పెట్టిన" అంది. "సరోజన పెండ్లయినంక వచ్చిన మొదటి జాతరకు మనమందరం పోయినం. అల్లుని ఇంట్ల ఎవ్వలు లేరు, దొంగలు పడ్తరని నేను పెండ్లిల పెట్టిన బిందెను మగ్గం గుంతల దాసిన. వచ్చినంక మర్శిన. బిందె కనబడకపోతే అల్లుడే అమ్ముకున్నడని పది మందికి చెప్పిన. నాకు యాదికొచ్చేసరికి ఆ మాట ఊరంత తిరిగొచ్చింది. ఇగ ఏ మొఖం పెట్టుకొని చెప్పాలె?"

అంటే ఆ రోజు కంచం ముందు నుంచి లేచింది ఆనందం పట్టలేక కాదు. బిందె ఎవరిదో నీకూ ముందే తెలుసు కదూ? తోమినప్పుడు పేరు కనబడకుండా ఉంటుందా? ఇద్దరూ ఇద్దరే. ఆ మాట పడి పద్దెనిమిదేళ్లు ఊరుకున్నవాడు ఒకడు, బిందె దొరికాక కూడా ఊరుకున్నది ఒకతె.

తర్వాత అమ్మ గోడకు చెప్పలేదు, నాకు చెప్పలేదు. నేరుగా బావనే చూసి అడిగింది.

"వెంకటరాజం, నా పేరు మీదికెందుకు పెట్టినవ్ బిడ్డా? నా సిగ్గు తీయనీకేనా?"

బావ నీళ్ల డబ్బా కింద పెట్టి, "కిందికి పెడితే మీ పేరు మీద బురద పడ్తది గదా అత్తమ్మా" అన్నాడు.

సరోజనా, నాకు బెల్లం బుట్ట మీద తల పెట్టి ఏడవాలనిపించింది. కానీ అక్కడ అప్పటికే మీ వదిన ఏడుస్తోంది.

మేడారం దాకా వాగులు, గుంతలు, బండరాళ్లు అన్నీ దాటాం. లోపలికి చుక్క నీరు రాలేదు. ఆ కారు కింద ఇప్పుడు నేనే చాప పరిచి పడుకోగలను, అంత ధైర్యం వచ్చింది. బాధంతా ఒక్కటే. బావ అంత కష్టపడి అమ్మ కాలు పెట్టడానికి చోటు చేస్తే, అమ్మ అక్కడ కాలే పెట్టలేదు. "అల్లుడు గంత మంచిగ తోమిండు, తొక్కుతనా?" అని సీటు మీద కాళ్లు మడుచుకుని కూర్చుంది. మోకాళ్లు కూడా ఆ పూట ఆమె మాట విన్నాయి.

తన మొక్కు తీర్చుకున్నాక అమ్మ సమ్మక్క తల్లి గద్దె ముందు నిలబడి ఇంకో మొక్కు మొక్కింది. వచ్చే జాతరకు అల్లుని ఎత్తు బెల్లం. బావకు ఇప్పటి నుంచే కాస్త బాగా పెట్టు, అమ్మ పరువు తక్కువ కాకూడదు.

మీ అన్న,
సారంగపాణి

తా.క.: వంటింట్లో గుంత అలాగే ఉంచాను. నా లూనా బండి కింద కూడా తుప్పు పట్టింది, తీరిక చూసుకుని బావను ఒకసారి రమ్మను.

మళ్లీ తా.క.: ఇది అమ్మ పక్కన కూర్చుని రాయిస్తున్నది. "బిడ్డా సరోజనా, ఆ జాతరకు పోయేటప్పుడు బిందె ఒక్కటే కాదు, ఇత్తడి తాంబాళం గూడ దాసిన. ఎక్కడ పెట్టిన్నో ఎంత యాదిజేసుకున్నా వస్తలేదు. అల్లుడు అమ్ముకోలేదని మాత్రం ఇక్కడందరికి చెప్తాన. మీ వంటింట్ల పొయ్యి కింద జర చూడమను."