లక్ష్మక్క బిందె

శుక్రవారం, 2003 ఎండాకాలం

ఈపొద్దు ట్యాంకర్ వచ్చేసరికి పక్కింటి లక్ష్మక్క ఊర్లో లేదు. వరసలో పెట్టిన ఆమె ఖాళీ బిందెను అందరూ కాలితో పక్కకు తోసినారు. నా కూతురు మాత్రం మాకొచ్చిన రెండు బిందెల్లో ఒకటి తీసి దాంట్లో పోసేసింది. పాపకు ఆటిజమని డాక్టరు చెప్పినప్పటి నుంచీ మా గడప తొక్కని మనిషికి!

"ఆమె లేనే లేదు, పోసినా తెలీదు. ఎందుకు పోసినావే?" అని అరిచినాను.

"బిందె వరసలో ఉండాది కదమ్మా," అనింది.

సాయంత్రం లక్ష్మక్క వచ్చి, ఎవరు పోసినారని కూడా అడక్కుండా బిందె ఎత్తుకుని పోయింది. ఇటు చూస్తుందేమోనని గడపలోనే నిలబడినాను. చూడలేదు. పాప వాళ్ళ నాయన బెంగుళూరులో పనికి పోయినాడు, చెప్పుకుందామంటే ఎవరూ లేరు.

పాపను అరిచినాను గానీ, నేనైతే పోసేదాన్నే. లక్ష్మక్క చూస్తాంటే.