వేట లేని రోజుల్లో వల

బావా,

నువ్వు పోయి ఈరోజుకి ఏడాది. వేట నిషేధం కదా, హార్బర్‌లో బోట్లన్నీ కట్టేసున్నాయి.

మా అమ్మాయి తొలి జీతంతో సాఫ్ట్‌వేర్ షేర్లు కొంటానంది. "ఏ కంపెనీ పదేళ్లు నిలబడతాదో ఎలా తెలుస్తాది నాన్నా?" అని అడిగింది. నాకేటి తెలుసు? ఏ బోటులో పనికెక్కాలో అప్పట్లో నువ్వు నాకు సెప్పిందే సెప్పాను.

"సేపలెక్కువ పడ్డ రోజు సూడకమ్మా. వేట లేనప్పుడు ఓనరు వల బాగుసేయిస్తన్నాడా లేదా సూడు."

అది నవ్వలేదు బావా. కూర్చుని వెతికి, గిరాకీ పడిపోయిన ఏడాది కూడా కొత్త పనులమీద ఖర్చు మానని కంపెనీనే ఎంచుకుంది.

ఆ కంపెనీ నిలబడతాదో లేదో నాకు తెలీదు. నువ్వెంచిన బోటులోనే నాను ఇరవయ్యేళ్లుగా వేటకెళ్తన్నాను. ఆ బోటు వల ఇప్పుడు నా ఒళ్ళో ఉంది. ఓనరు పొద్దున్నే కొత్త దారం పంపించాడు.