సొరుగులో దాచిన ప్యాకెట్

అక్కా,

నీ ఎదుట నిలబడి చెప్పే ముఖం లేక రాస్తున్నాను.

శనివారం నీ కూతురు, మన వసపిట్ట, తన స్నేహితురాలితో, ఆ పిల్ల తల్లితో కలిసి పళ్ళ తీగలు బిగించుకోవడానికి నా క్లినిక్‌కి వచ్చింది కదా. ఆ పొద్దున్నే పనిముట్లను ఆవిరితో శుద్ధి చేసే యంత్రం మొరాయించింది. బయట బెంచీల నిండా పిల్లలు, పనులు మానుకుని వచ్చిన పెద్దవాళ్ళు. "ఇవాళ కుదరదు, ఇంకోరోజు రండి" అనడానికి నాకు నోరు రాలేదు. ఒక పిల్ల నోట్లోంచి తీసిన పటకారును స్పిరిట్‌తో తుడిచి ఇంకో పిల్ల నోట్లో పెట్టాను. వాళ్ళలో చిగుళ్ళ నుంచి రక్తం కారినవాళ్ళూ ఉన్నారు. అలా తుడిస్తే చాలదని నాకు తెలియదా! తెలుసు కాబట్టే, ముందురోజు శుద్ధి చేసి సీలు వేసిన ప్యాకెట్ ఒక్కటే మిగిలితే సొరుగులో దాచాను, నీ కూతురి కోసం.

అది కుర్చీలో వాలి, "పిన్నీ, నాకేమో ప్యాకెట్ చింపావు, నా ఫ్రెండ్‌కేమో ట్రేలోంచి తీశావేంటి?" అంది.

"నోరు తెరువు, కబుర్లు తర్వాత" అని కసిరాను.

యంత్రం బాగైంది. ఎవరికీ ఏమీ కాదనే నా నమ్మకం. ఈ సంగతి బడిలో అనొద్దని దానికి కాస్త నచ్చజెప్పవూ? ఇలా అడుగుతున్నందుకు సిగ్గుతో చచ్చిపోతున్నాను. అయినా అడుగుతున్నాను.

నీ చెల్లెలు

చిన్నీ,

నీ ఉత్తరం చదవగానే నాకేమనిపించిందో తెలుసా? "పోనీలే, నా బిడ్డకి మంచివే వాడింది" అనుకుని హాయిగా వంటపనిలో పడ్డాను. సాయంత్రం బడి గేటు దగ్గర ఆ స్నేహితురాలి తల్లి పలకరించి, "మీ చెల్లెలి చెయ్యి ఎంత తేలికండీ! మా పిల్ల ఏడవనే లేదు" అంది. తలెత్తలేకపోయాను. నీకంటే నేనేం తక్కువ తినలేదు.

దాని నోరు నేను మూయించను. నువ్వే అందరికీ ఫోన్ చేసి చెప్పు. ఆదివారం వచ్చి నీ పక్కన కూర్చుంటాను. తిట్లేవో ఇద్దరం కలిసే తిందాం.

అక్క

అక్కా,

ఆదివారం నువ్వున్నంతసేపూ అందరికీ ఫోన్ చేస్తూ ఆ స్నేహితురాలి తల్లి నంబరు మాత్రం దాటేస్తూ వచ్చాను. గమనించే ఉంటావు. నువ్వు బస్సెక్కాక చేశాను.

జరిగింది చెప్పి, రక్తపరీక్ష నేనే చేయిస్తానన్నాను. ఆవిడ, "మీ అక్క కూతురికీ అవే పెట్టారా?" అని అడిగింది.

'అవును' అంటే సరిపోయేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. "లేదండీ, శుభ్రమైనవి దానికోసం విడిగా దాచాను" అన్నాను.

"అంటే, మీకు తెలిసే చేశారన్నమాట."

అరిచినా బాగుండేది. అరవలేదు. "పరీక్షకి తీసుకొస్తాను. మా పిల్లని మాత్రం ఇక మీరు ముట్టుకోకండి" అంది.

మర్నాడు పిల్లని ల్యాబ్‌కి తీసుకొచ్చింది. పరీక్షలో ఏమీ లేదు, కొన్ని నెలలాగి మళ్ళీ ఒకసారి చూడాలి. నేను తలుపు దగ్గరే నిలబడిపోయాను. వెళ్తూ వెళ్తూ ఆ పిల్ల ఎప్పటిలాగే నాకు చెయ్యి ఊపబోయింది. తల్లి ఆ చెయ్యి పట్టుకుని కిందికి దించింది.

నీ చెల్లెలు